కో-ఫౌండర్‌గా ఎవర్ని పెట్టుకోవాలి? సగం వాటా అడుగుతున్న స్నేహితుడు, డబ్బు పెడతానంటున్న బావ, ర్యాంపు దగ్గర కుర్రాడు

మామిడి_కాలం, చిత్తూరు

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు పక్కనే పల్లె. నాన్నకు తోతాపురి మామిడి తోట ఉంది. నేను కొన్నేళ్లు ఒక గుజ్జు ఫ్యాక్టరీలో కొనుగోళ్ల విభాగంలో పనిచేశాను. సీజన్‌లో గేటు ముందు ట్రాక్టర్లు ఎలా నిలబడిపోతాయో మన జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. 2025లో ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తుందని ప్రకటించారు. ధర సంగతి అటుంచితే కాయ దించుకునేవాళ్లు దొరకడమే గగనమైపోయింది. రైతు ఫోన్‌లోనే టోకెన్ తీసుకుని, తన వంతు వచ్చే పూటకే బండి కట్టుకొచ్చేలా ఒక యాప్ చేస్తున్నాం. రుసుము ఫ్యాక్టరీ ఇస్తుంది, రైతుకు ఉచితం.

కోడ్ రాస్తున్నది నా ఇంజనీరింగ్ స్నేహితుడు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాల్లో ఇది చేస్తున్నాడు. సగం వాటా అడుగుతున్నాడు. ఫండింగ్ వచ్చాకే ఉద్యోగం మానతానంటున్నాడు. అక్క వాళ్లాయన 15 లక్షలు పెడతానంటున్నారు. ఆయన 30 శాతం అడుగుతూ, అక్కను డైరెక్టర్‌గా పెట్టమంటున్నారు. మూడో మనిషి బంగారుపాళ్యం వైపు ర్యాంపు (రైతుల దగ్గర కాయ కొని పోగుచేసే చోటు) దగ్గర పనిచేసే కుర్రాడు. డిగ్రీ పూర్తి చేయలేదు కానీ చుట్టుపక్కల ఏ రైతు ఎన్ని టన్నులు దించుతాడో వాడికి నోటికి వచ్చు. వాడేమీ అడగలేదు.

నాన్న ఒకటే మాట అంటున్నారు, స్నేహితుడితో లెక్కలు పెట్టుకోవద్దని. ఎవర్ని కో-ఫౌండర్ అనాలి, ఎవరికి ఎంత ఇవ్వాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.


అలిపిరి_మెట్టు, తిరుపతి

తమ్ముడూ, ముందు ముగ్గుర్నీ ఒకే వరుసలో నిలబెట్టడం ఆపు. డబ్బు పెట్టేవాళ్లు వేరు, రోజూ పని మోసేవాళ్లు వేరు. మీ బావ పెట్టుబడిదారు. ఆయన డబ్బుకు తగ్గ లెక్క ఆయనకు ఉంటుంది. కో-ఫౌండర్ అనే మాట ఆయనకు వర్తించదు.

కో-ఫౌండర్ సంగతి తేల్చడానికి నేను చూసేది ఒకటే. జూన్ నడిమధ్యలో రాత్రి పదకొండు గంటలకు యాప్ ఆగిపోయి, గేటు దగ్గర రైతులు అరుస్తుంటే ఎవరు వస్తారు? వచ్చి ఏం చేస్తారు? ఆ ప్రశ్నకు జవాబు ఊహించుకుంటే రాదు. కలిసి ఒక పని చేయాలి. అందులో కొంచెం డబ్బు, ఒక గడువు, ఒక బయటి మనిషికి ఇచ్చిన మాట ఉండాలి. ఈ సీజన్‌లో ఒకే ఒక్క ఫ్యాక్టరీతో మాట్లాడు. పెద్దది వద్దు. కంపెనీ రిజిస్టర్ చేయకుండానే ఆ ఒక్క గేటు దగ్గర ముగ్గురూ పనిచేయండి. సీజన్ అయ్యేలోపు ఎవరి వాటా ఎంతో మీకే సగం తెలిసిపోతుంది.

నేనూ నా పార్ట్‌నరూ తిరుపతిలో చాలా ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ సంస్థ నడుపుతున్నాం. కంపెనీ పెట్టే ముందు ఒక ఆసుపత్రికి బిల్లింగ్ పని చేసిపెట్టాం. ఆ పని మధ్యలో క్లయింట్ డబ్బు ఆపేశాడు. నాకు కోపం వచ్చింది. ఆయన మాత్రం చేసిన పనికి ఒక జాబితా రాసి, ఏది పూర్తయింది, ఏది కాలేదు అని నిజాయతీగా గీతలు గీసి క్లయింట్ ముందు పెట్టాడు. అందులో మా వైపు మిగిలిన పనులు కూడా ఉన్నాయి. డబ్బు వచ్చింది. ఈ మనిషితో వ్యాపారం చేయొచ్చని నాకు ఆ కాగితం చూశాకే అనిపించింది.


కాటా_దగ్గర, బంగారుపాళ్యం

అన్నా, నేనూ ర్యాంపుల దగ్గర తిరిగేవాణ్ణే. ఆ కుర్రాడి గురించి రెండు మాటలు.

గేటు దగ్గర ఏం జరుగుతుందో కోడ్ రాసేవాళ్లకు తెలియదు. బండి రెండో రోజుకి పోతే కింది వరస కాయ నలుగుతుంది, గ్రేడింగ్‌లో తీసేస్తారు. ట్రాక్టర్ అద్దె, డ్రైవర్ బత్తా, కాపలా మనిషి కూలి రైతు నెత్తినే. టోకెన్ చీటీ వానకి తడిస్తే నంబరు కనపడక గొడవ. వీటికి తోడు మధ్యలో ఎవడో వచ్చి ‘నా బండి ముందు పోవాలి’ అంటాడు. వాడెవడి మనిషో, వాడికి ఎలా చెప్పాలో తెలిసినవాడు లేకపోతే మీ యాప్‌లో వచ్చిన నంబరుకు విలువే ఉండదు. రైతు మీ యాప్‌ను చూసి నమ్మడు, ఆ కుర్రాణ్ణి చూసి నమ్ముతాడు.

ఏమీ అడగలేదు కదా అని వాడికి నెలజీతం ఇచ్చి సరిపెట్టకండి. మనవైపు పిల్లలకు వాటా అడగాలని కూడా తెలియదు.


మామిడి_కాలం, చిత్తూరు

నిజమే అన్నా. పోయిన సీజన్‌లో మేం చేసిన మొదటి రకం యాప్‌లో రైతు పేరు టైపు చేయాల్సి వచ్చేది. వాడే చెప్పాడు, ఊరూ ట్రాక్టర్ నంబరూ చాలని. అది మార్చాకే ఒక పూటలో అందరూ వాడగలిగారు.


పాత_మండీ, తిరుపతి

ఈ వాటాల లెక్కలన్నీ చదువుతుంటే నాకు బాధగా ఉంది. మా నాన్నగారు, ఆయన స్నేహితుడు కలిసి గోవిందరాజస్వామి గుడి దగ్గర దుకాణం పెట్టారు. చెరి సగం. ఒక్క కాగితం రాసుకోలేదు. ఇద్దరూ ఉన్నంతకాలం ఒక్క మాట పడలేదు. మొదటి రోజే ‘నువ్వు వెళ్లిపోతే ఏంటి’ అని అడిగితే ఎదుటి మనిషి మనసులో ఏమనుకుంటాడు? కోడ్ రాసిన స్నేహితుడికి సగం ఇచ్చేయండి. చిన్న మనసుతో పెద్ద పని మొదలుపెట్టకూడదు.


నల్లకోటు, తిరుపతి

పెద్దాయన మాటను గౌరవిస్తూనే ఒక విషయం చెప్పాలి. కాగితం రాసుకోకపోయినా ఒప్పందం ఉంటుంది, కాకపోతే దాన్ని మీ బదులు చట్టం రాసేసి ఉంటుంది. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం వేరే ఒప్పందం లేకపోతే లాభమూ నష్టమూ సమానంగా పంచుకోవాలి. ఒకరు పగలూ రాత్రీ పనిచేసి, ఇంకొకరు చేయకపోయినా అంతే. గడువు రాసుకోని భాగస్వామ్యాన్ని ఏ భాగస్వామి అయినా ఒక నోటీసుతో రద్దు చేయొచ్చు. ఒకరు చనిపోతే, ముందుగా వేరేలా రాసుకోకపోతే, సంస్థ అక్కడితో రద్దయినట్టే. మీ నాన్నగారి దుకాణం నడిచిందంటే ఆ ఇద్దరూ మంచివాళ్లు. వాళ్ల పిల్లల కాలానికి ఏమైందో మీరే చెప్పాలి.

భాగస్వామ్య సంస్థలో ఇంకో చిక్కు ఉంది. సంస్థ అప్పులకు ప్రతి భాగస్వామి సొంత ఆస్తితో సహా బాధ్యుడు. 1976లో ఆపిల్ మొదలైంది ఇలాంటి భాగస్వామ్యంగానే. జాబ్స్‌కు, వోజ్నియాక్‌కు చెరో 45 శాతం, రోనాల్డ్ వేన్ అనే పెద్దవయసు ఆయనకు 10 శాతం. ఇద్దరికీ పడకపోతే తీర్పు చెప్పడానికే ఆయన్ను పెట్టుకున్నారు. ముగ్గురిలో ఆస్తులున్నది ఆయనకే కాబట్టి, అప్పు ఇచ్చినవాడు తన ఇంటికే వస్తాడని భయపడి 12 రోజులకే బయటికొచ్చేశారు. ఆ 10 శాతానికి ఆయనకు అప్పుడు ముట్టింది 800 డాలర్లు. దాని ఈనాటి విలువ గురించే అందరూ మాట్లాడుకుంటారు. నాకు మాత్రం వాళ్లు మొదటి కాగితంలోనే పేచీ తీర్చే మార్గం రాసుకోవడం, వేన్ వెళ్లినప్పుడు అదీ కాగితం మీదే తేల్చుకోవడం ముఖ్యంగా కనిపిస్తాయి. ఆయన వాటా ఎవరిదన్న ప్రశ్న మిగలకుండానే సంస్థ ముందుకుపోయింది.

మామిడి_కాలం గారూ, మీకు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ గానీ ఎల్‌ఎల్‌పీ (భాగస్వాముల బాధ్యతకు పరిమితి ఉండే భాగస్వామ్యం) గానీ సరిపోతుంది. పెట్టుబడి తీసుకునే ఆలోచన ఉంటే ప్రైవేట్ లిమిటెడ్.


పాత_మండీ, తిరుపతి

పిల్లల కాలానికి దుకాణం రెండైంది వకీలు గారూ. మధ్యలో గోడ కట్టుకున్నాం. అయినా పండగకి ఒకరింటికి ఒకరం పోతాం. కాగితం వద్దని పంతం పట్టను, కానీ రాసేవాడు ఎదుటివాణ్ణి దొంగలా చూస్తూ రాయకూడదని మాత్రం అంటాను.


లెక్కల_పుస్తకం, చిత్తూరు

నేను ఆడిటర్ ఆఫీసు నడుపుతాను. వాటాల శాతాలు మాట్లాడేటప్పుడు కొన్ని గీతలు తెలిసి ఉండాలి.

కంపెనీలో మామూలు తీర్మానం నెగ్గాలంటే పడిన ఓట్లలో సగానికి మించి కావాలి. ఆర్టికల్స్ (కంపెనీ లోపలి నియమావళి) మార్చడం లాంటి పెద్ద విషయాలకు నాలుగింట మూడు వంతులు కావాలి, దాన్ని ప్రత్యేక తీర్మానం అంటారు. చెరి సగం ఉంటే, పేచీ వచ్చిన రోజున మామూలు తీర్మానం కూడా పాస్ కాదు, ఆడిటర్‌ను మార్చాలన్నా కుదరదు. ఇంకోవైపు 26 శాతం ఉన్నవాళ్లు ఏదీ సొంతంగా చేయలేకపోయినా ప్రత్యేక తీర్మానాన్ని ఆపగలరు. అంటే మీ బావకు 30 శాతం ఇస్తే, గేటు ముఖం చూడని మనిషి చేతిలో ఆపే తాళం పెట్టినట్టు. ఈ మాట ఆయన మీద అనుమానంతో చెప్పట్లేదు. రేపు ఇంకో పెట్టుబడిదారు వచ్చినప్పుడు మొదట అడిగేది ఈ ప్రశ్నే.

అక్కను పేరుకు డైరెక్టర్‌గా పెట్టడం గురించి. దయచేసి వద్దు. డైరెక్టర్ అంటే బాధ్యత. మూడేళ్లు వరసగా వార్షిక రిటర్నులు దాఖలు చేయకపోతే ఆ కంపెనీ డైరెక్టర్లు అయిదేళ్లపాటు ఏ కంపెనీలోనూ డైరెక్టర్లుగా నియమితులయ్యే అర్హత కోల్పోతారు. ‘నాకేం తెలియదు, తమ్ముడు సంతకం పెట్టమన్నాడు’ అంటే చెల్లదు. అక్కకు నిజంగా ఆసక్తి ఉండి లెక్కలు చూస్తానంటే అది వేరే సంగతి.

15 లక్షలు అప్పుగా తీసుకోవచ్చా అని తర్వాత అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెబుతున్నా. కంపెనీ చట్టంలో ‘బంధువు’ జాబితా చిన్నది. తోబుట్టువు ఉంటుంది, తోబుట్టువు భర్త ఉండడు. మీరు డైరెక్టర్ అయితే, అక్క తన సొంత డబ్బు, అప్పు తెచ్చింది కాదు అని రాసిచ్చి ప్రైవేట్ కంపెనీకి అప్పు ఇవ్వొచ్చు. బావ నేరుగా ఇస్తే అది డిపాజిట్ నిబంధనల (కంపెనీ బయటివాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడం మీద ఉన్న ఆంక్షలు) కిందికి వచ్చే ప్రమాదం ఉంది. గుర్తింపు పొందిన స్టార్టప్‌కు కన్వర్టిబుల్ నోట్ (తర్వాత షేర్లుగా మారగల అప్పు) దారి ఉంది కానీ దానికి ఒక్కొక్కరి నుంచి ఒకే విడతలో కనీసం 25 లక్షలు ఉండాలి, మీకు వర్తించదు. అన్నిటికన్నా శుభ్రమైన పని బావకు 10 శాతం లోపు షేర్లు ఇవ్వడం, మూడు నెలలకోసారి లెక్కలు చూపించడం. ఆయన అడుగుతున్నది గౌరవం అయితే అది లెక్కలు చూపించడంతో దొరుకుతుంది.


వైట్‌ఫీల్డ్_బస్సు, బెంగళూరు

నాది పలమనేరు. ఆ స్నేహితుడి స్థానంలో ఉన్న మనిషిగా మాట్లాడుతున్నా. ఇక్కడ అతని తరఫున ఎవరూ లేరు.

ఇక్కడ ఇంటి అద్దె, ఈఎంఐ, పిల్లల స్కూలు ఫీజు నడుస్తుంటే ‘రేపే మానేసి వచ్చేయ్’ అనడం తేలిక. ఫండింగ్ వచ్చాక మానతాననడం అతనికి పిరికితనం కాదు, ఇంట్లోవాళ్లకు చెప్పగలిగిన ఒకే ఒక్క మాట. కాకపోతే ఆ మాటకు తేదీ లేదు. తేదీ లేని మాట మీద సగం వాటా అడగడం సరికాదని నేనూ ఒప్పుకుంటా. అతన్ని ఇలా అడగండి: ‘ఎంత జీతం వస్తే మానగలవు? ఎన్ని నెలల ఖర్చు చేతిలో ఉంటే ధైర్యం వస్తుంది?’ ఆ అంకె చెప్పాడంటే అతను నిజంగా ఆలోచిస్తున్నట్టు. చెప్పలేకపోతే, అతనికి ఇది ఆదివారం ఇష్టమైన పని మాత్రమే. అదీ తప్పు కాదు, దానికి తగ్గ వాటా ఇవ్వండి.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. అతని అపాయింట్‌మెంట్ లెటర్ ఇద్దరూ కూర్చుని చదవండి. చాలా ఐటీ కంపెనీల లెటర్లలో వేరే వ్యాపారం చేయకూడదని, ఉద్యోగంలో ఉండగా తయారు చేసినవి కంపెనీవని రాసి ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మీ యాప్ కోడ్ ఒక్క లైను కూడా ఉండకూడదు. డైరెక్టర్‌గా పేరు ఎక్కిస్తే అది ప్రభుత్వ రికార్డులో ఎవరైనా చూడొచ్చు, వాళ్ల హెచ్‌ఆర్‌తో సహా. అతను ఆఫీసులో రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, లేదా మానిన రోజే డైరెక్టర్ కావాలి.


మామిడి_కాలం, చిత్తూరు

లెటర్ సంగతి నాకు తట్టనే లేదు బ్రో. వాడు సొంత ల్యాప్‌టాప్‌లోనే చేస్తున్నాడని తెలుసు. ఈ వారం అడుగుతా. ఇంతకీ వాటాను నెలల మీద లెక్కకట్టడం గురించి అందరూ అంటుంటారు, మన చిన్న కంపెనీకి అది ఎలా రాస్తారు?


లెక్కల_పుస్తకం, చిత్తూరు

దాన్ని వెస్టింగ్ అంటారు. మామూలుగా నాలుగేళ్లు, మొదటి ఏడాది పూర్తయ్యేదాకా ఏదీ సొంతం కాదు. మీ స్నేహితుడికి 40 శాతం అనుకుందాం. ఏడాదిలోపు వెళ్లిపోతే అంతా వెనక్కి. ఏడాదిన్నరకు వెళ్లిపోతే 48 నెలల్లో 18 నెలలు పనిచేసినట్టు, కాబట్టి 40లో 15 శాతం అతనిది, 25 శాతం వెనక్కి వస్తుంది. మన దగ్గర షేర్లు మొదటి రోజే పేరు మీద ఉంటాయి, వెళ్లిపోతే మిగతావాటిని ముఖవిలువకు (షేరు మీద రాసి ఉన్న ధరకు) మిగిలిన ఫౌండర్లకు బదిలీ చేస్తానని రాసుకుంటారు.

గడియారం ఎప్పుడు మొదలవుతుందో రాయడం మరవకండి. కంపెనీ రిజిస్టర్ అయిన తేదీ కాదు, మనిషి పూర్తిగా పనిలోకి దిగిన తేదీ. ఈ లెక్క మీకూ వర్తించాలి. ఆలోచన నాది కాబట్టి నా వాటా నాకు ఎప్పటికీ ఉండాలి అంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోనూకూడదు. మీరే రెండేళ్లకు ఫ్యాక్టరీ ఉద్యోగానికి తిరిగిపోతే?


రాగి_సంగటి, పుత్తూరు

నేను పొడులు, రాగి అటుకులు ప్యాక్ చేసి అమ్ముతాను. వాటాలు, నెలలు అన్నీ మీరు చెప్పారు. విడిపోయే రోజున అసలు నొప్పి ఎక్కడ ఉంటుందో నేను చెబుతా.

మొదట్లో నాతోపాటు ఒకాయన పార్ట్‌నర్‌గా ఉండేవారు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్స్, బ్రాండ్ పేరుకు ట్రేడ్‌మార్క్ దరఖాస్తు, ఆన్‌లైన్ అమ్మకాల ఖాతా, మూడూ ఆయన పేరు మీదే పెట్టారు, తిరిగేది ఆయనే కాబట్టి. రెండేళ్లకు మాట తేడా వచ్చి ఆయన వెళ్లిపోయారు. వంట నాది, మిషన్లు నావి, పనిచేసే ఆడవాళ్లు నా దగ్గరే ఉన్నారు. కానీ ప్యాకెట్ మీద ఉన్న 14 అంకెల లైసెన్స్ నంబరు ఆయనది. ముద్రించిన కవర్లు బస్తాల్లో ఉండగా ఒక్కటీ వాడలేకపోయాం. ఆన్‌లైన్ ఖాతాలోకి పోదామంటే ఓటీపీ ఆయన ఫోన్‌కి పోతుంది. రివ్యూలన్నీ ఆ ఖాతాలోనే ఉండిపోయాయి. కొత్త పేరుతో మళ్లీ మొదలుపెట్టాం.

కాబట్టి తమ్ముడూ, నీ యాప్ ఏ ఖాతాలో ఉంది? ప్లే స్టోర్ డెవలపర్ ఖాతా, డొమైన్, సర్వర్, రైతులకు మెసేజ్‌లు పంపే ఎస్‌ఎంఎస్ ఖాతా, ఫ్యాక్టరీ వాళ్లు ఫోన్ చేసే నంబరు, ఇవి ఎవరి పేరు మీద, ఎవరి మెయిల్ మీద, ఎవరి కార్డు మీద నడుస్తున్నాయి? ఇవాళే ఒక కాగితం మీద రాయి. కంపెనీ వచ్చాక అన్నీ కంపెనీ పేరుకి మార్చు. మార్చేదాకా కనీసం ఇద్దరి దగ్గర పాస్‌వర్డ్ ఉండాలి.


మామిడి_కాలం, చిత్తూరు

అక్కా, ఇప్పుడే చూశా. ప్లే స్టోర్, సర్వర్ రెండూ వాడి సొంత మెయిల్ మీద ఉన్నాయి. డొమైన్ నా పేరు మీద. ఎస్‌ఎంఎస్ ఖాతా మాత్రం ర్యాంపు కుర్రాడి ఫోన్ నంబరుతో తెరిచాం, అప్పుడు వాడే ఖాళీగా ఉన్నాడని.


నల్లకోటు, తిరుపతి

రాగి_సంగటి గారు చెప్పినదానికి చట్టం వైపు నుంచి ఒకటి కలుపుతా, ఎందుకంటే దీన్ని చాలామంది వదిలేస్తారు.

కంపెనీ పుట్టకముందు రాసిన కోడ్ మీద కాపీరైట్ రాసిన మనిషిదే. ఉద్యోగి రాస్తే యజమానిది అవుతుంది, కానీ మీ స్నేహితుడు మీకు ఉద్యోగి కాదు. కాబట్టి కంపెనీ రిజిస్టర్ అయ్యాక ఆ కోడ్‌ను కంపెనీకి బదిలీ చేస్తూ రాతపూర్వకంగా పత్రం రాయాలి. అందులో కాలం, ప్రాంతం తప్పకుండా ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కాలం రాయకపోతే బదిలీ అయిదేళ్లకే అనుకుంటారు, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అనుకుంటారు. బదిలీ చేసిన హక్కును ఏడాదిలోపు వాడకపోతే, వేరేలా రాసి ఉంటే తప్ప, అది కూడా చెల్లకుండా పోతుంది. నెట్‌లో దొరికే ఒక పేజీ నమూనాల్లో ఈ వాక్యాలు ఉండవు.

‘బయటికిపోతే ఇదే వ్యాపారం చేయకూడదు’ అని రాయించుకుంటే సరిపోతుందనుకుంటారు. మన కాంట్రాక్ట్ చట్టంలో 27వ సెక్షన్ వల్ల, కంపెనీ వదిలిపోయిన మనిషి మీద అలాంటి నిషేధం చాలావరకు నిలబడదు. రైతుల జాబితా, ఫ్యాక్టరీ ధరలు లాంటి రహస్య సమాచారాన్ని వాడకూడదని రాసుకోవచ్చు. అందుకే కోడ్ హక్కు కంపెనీ చేతిలో ఉండటం ముఖ్యం.

చివరిగా, వాటాల బదిలీ మీద మీరు పెట్టుకునే షరతులు మీ మధ్య ఒప్పందంలో ఉంటే చాలదు. కంపెనీ ఆర్టికల్స్‌లోనూ రాయించాలి. ఆర్టికల్స్‌లో లేని షరతు కంపెనీని కట్టిపడేయదని సుప్రీంకోర్టు చాలా ఏళ్ల క్రితమే చెప్పింది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని బీరువాలో పెట్టుకున్న ఒప్పందాలతో నా దగ్గరికి వచ్చేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.


ఎస్వీయూ_హాస్టల్, తిరుపతి

అన్నలూ అక్కలూ, ఆయనకైతే ముగ్గురు ఉన్నారు. నాకు ఒక్కరూ లేరు. మా క్లాసులో అందరూ ప్లేస్‌మెంట్ల టెన్షన్‌లో ఉన్నారు. మంచి పార్ట్‌నర్ ఎక్కడ దొరుకుతారు?


అలిపిరి_మెట్టు, తిరుపతి

పార్ట్‌నర్ కోసం వెతక్కు, పని కోసం వెతుకు. ఐఐటీ తిరుపతి నవావిష్కార్ ఐ-హబ్ లాంటి చోట్ల జరిగే కార్యక్రమాలకు పో, కానీ అక్కడ విజిటింగ్ కార్డులు పంచుకోవడం వల్ల ఎవరూ తెలియరు. ఒక చిన్న సమస్య పట్టుకుని, ఇద్దరు ముగ్గురితో వేర్వేరుగా కొన్ని వారాలు పనిచేయి. నీకు లేని నైపుణ్యం ఉన్నవాళ్లను చూడు. ఇద్దరూ కోడ్ రాసేవాళ్లే అయితే ఫ్యాక్టరీ మేనేజర్ దగ్గరికి ఎవరు పోతారు? ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ పెట్టిన ఫణీంద్ర సామ, ఆయన ఇద్దరు స్నేహితులు బిట్స్ పిలానీ రోజుల నుంచి ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఇంజనీర్లే అయినా ముందుగా వాళ్లకు పనికొచ్చింది ట్రావెల్స్ ఆఫీసుల చుట్టూ తిరిగి సీట్లు ఇమ్మని ఒప్పించడం.

ఇక మామిడి_కాలానికి, కలిసి పనిచేయడం మొదలైన తర్వాతి సంగతి. ఎంపిక బాగున్నా చాలామంది ఇక్కడే విడిపోతారు.

మేమిద్దరం ఏ నిర్ణయం ఎవరిదో రాసుకున్నాం. ధర, క్లయింట్, ఒప్పందం నావి. ఏ టెక్నాలజీ, ఏ మనిషిని తీసుకోవాలి అనేవి ఆయనవి. ఆయన పరిధిలో నాకు నచ్చని నిర్ణయం జరిగితే నా అభ్యంతరం ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాస్తాను. నిర్ణయం మాత్రం ఆయనదే నడుస్తుంది. మూడు నెలలకు ఆ పేజీ తెరుస్తాం. కొన్నిసార్లు నా అభ్యంతరమే సరైందని తేలుతుంది, కొన్నిసార్లు కాదు. కానీ రాసిపెట్టి ఉండటం వల్ల ‘నేను అప్పుడే చెప్పా’ అన్న మాట మా మధ్య రాదు.

వాట్సాప్‌లో గొడవపడం. కోపం వస్తే ఫోన్ లేదా ఎదురెదురుగా. నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి ఇద్దరం గీతలు పెడతాం. ఎవరి జీతం ఎంతో ఇద్దరి ఇళ్లలోనూ తెలుసు. ఇంట్లోవాళ్లకు దాచిన లెక్క మీద ఏ పార్ట్‌నర్‌షిప్పూ నిలబడదని నా నమ్మకం.


లెక్కల_పుస్తకం, చిత్తూరు

బ్యాంకు అంటే గుర్తొచ్చింది. ఖాతా తెరిచేటప్పుడు ‘ఎవరో ఒకరి సంతకం’ పెట్టాలా, ‘ఇద్దరి సంతకం’ పెట్టాలా అని అడుగుతారు. చిన్న మొత్తాలకు ఒకరిది, ఒక పరిమితి దాటితే ఇద్దరిదీ అని తీర్మానం చేయించుకోండి.

అప్పు తీసుకుంటే బ్యాంకు మిమ్మల్ని వ్యక్తిగత హామీ సంతకం అడుగుతుంది. ఒకరు కంపెనీ వదిలిపోయినా ఆ హామీ వదలదు. బ్యాంకు రాతపూర్వకంగా విడుదల చేస్తేనే పోతుంది. వెళ్లిపోయి ఏళ్లయ్యాక సిబిల్ (అప్పుల చరిత్ర) రికార్డులో బకాయి కనిపించి, ఇంటి రుణం ఆగిపోయిన మనుషుల్ని చూశాను. విడిపోయే ఒప్పందంలో ‘ఇన్ని రోజుల్లో హామీ మార్పించాలి’ అని రాయండి.


మామిడి_కాలం, చిత్తూరు

అందరికీ ధన్యవాదాలు. ఏం జరిగిందో చెబుతా.

స్నేహితుడు ఊరికి వచ్చాడు. మొదట నొచ్చుకున్నాడు. ‘నాలుగేళ్ల లెక్క నాకు పెడతావా’ అన్నాడు. నాకూ అదే లెక్క అని చూపించాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘ఎంత జీతం వస్తే మానగలవు’ అని అడిగా. ఒక అంకె చెప్పాడు. రెండు ఫ్యాక్టరీలు సీజన్‌కు సంతకం పెడితే ఆ అంకె వస్తుంది. అప్పటిదాకా డైరెక్టర్ కాడు, చేసిన కోడ్‌కు చిన్న వాటా, కోడ్ మొత్తం కంపెనీకి రాసిస్తాడు. వచ్చిన రోజు నుంచి పెద్ద వాటా గడియారం మొదలు. లెటర్ చదివాం, ఆఫీసులో అనుమతికి మెయిల్ పెట్టాడు.

ర్యాంపు కుర్రాణ్ణి మూడో ఫౌండర్‌గా పెడుతున్నాం. వాడు నమ్మలేదు, ‘నాకెందుకన్నా’ అన్నాడు. కాటా_దగ్గర అన్న మాటలు చదివి వినిపించా. బావతో ఇంకా మాట్లాడాలి, 10 శాతం లోపు, డైరెక్టర్ లేకుండా, మూడు నెలలకోసారి లెక్కలతో.

ఒక ప్రశ్న మాత్రం నాకు జవాబు తెలియలేదు. స్నేహితుడి భార్య అడిగింది: ‘ఆయనకి ఏమైనా అయితే ఆ షేర్లు నాకు వస్తాయా? వస్తే మీరు నన్నూ మీటింగులకు పిలుస్తారా?’


నల్లకోటు, తిరుపతి

ఈ థ్రెడ్‌లో వచ్చిన అన్ని ప్రశ్నల్లోకీ ఇదే మంచిది. ఆమెకు నా నమస్కారం చెప్పండి.

చనిపోయిన వాటాదారు షేర్లు వారసులకు పోతాయి. కంపెనీ షేర్లకు నామినేషన్ కూడా చేయొచ్చు. మీరు రాసుకోవాల్సినవి: చనిపోయినా, పనిచేయలేని స్థితి వచ్చినా అప్పటికి సొంతమైన వాటా పూర్తిగా కుటుంబానిదే, దాన్ని ముఖవిలువకు లాక్కునే హక్కు ఎవరికీ ఉండదు. కుటుంబం అమ్మాలనుకుంటే ముందు మిగిలిన ఫౌండర్లకు చెప్పాలి, ధర బయటి విలువకట్టేవాళ్లు తేల్చాలి, డబ్బు ఇన్ని వాయిదాల్లో ఇవ్వాలి. ఉంచుకుంటే లాభంలో వాటా, లెక్కలు చూసే హక్కు ఉంటాయి. వాటాదారుగా సర్వసభ్య సమావేశాలకు పిలుపు వస్తుంది. డైరెక్టర్ కావడం మాత్రం వేరే విషయం, అది తనంతట తాను రాదు. మనిషి కోపంతో వెళ్లిపోవడానికి, ఇలా దూరమవడానికి ఒకే లెక్క పెట్టకండి. మూడో కుర్రాడి ఇంట్లోవాళ్లకూ ఇదే వర్తించాలి, వాళ్లను కూర్చోబెట్టి తెలుగులో చదివి వినిపించండి.


రాగి_సంగటి, పుత్తూరు

ఆ ఎస్‌ఎంఎస్ ఖాతా, ప్లే స్టోర్ ఖాతా మార్చారా తమ్ముడూ? సంతోషంలో అది మరిచిపోకండి.


మామిడి_కాలం, చిత్తూరు

పాస్‌వర్డ్‌లు ముగ్గురి దగ్గరా ఉన్నాయి అక్కా. కంపెనీ రాగానే పేరు మారుస్తాం. రేపే పేరు రిజర్వ్ చేద్దామనుకుంటున్నా.


లెక్కల_పుస్తకం, చిత్తూరు

రేపు వద్దు. కొత్త కంపెనీకి రిజర్వ్ చేసిన పేరు మామూలుగా 20 రోజులే ఉంటుంది. మీ బావతో మాట ఇంకా తేలలేదు, ఆర్టికల్స్‌లో బదిలీ షరతులు రాయించాలి, ముగ్గురికీ డిజిటల్ సంతకాలు కావాలి. బావతో మాట్లాడండి, వకీలు గారు రాసిన చిత్తుప్రతి మీద అందరూ సరే అన్నాక పేరుకు పెట్టండి. సోమవారం ఆఫీసులో ఉంటాను. వచ్చేటప్పుడు ఆ కుర్రాణ్ణి కూడా తీసుకురండి, వాడి పాన్ కార్డులో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.